గోర్మ్ చదివాడనుకున్నాను

గోర్మ్ త్వేదెకు కోడ్ చూపించడమంటే పళ్ళ డాక్టరు దగ్గరికి పోవడం లాంటిదని ఆ ఆఫీసులో అనుకునేవారు. కాకపోతే పళ్ళ డాక్టరు ముందు మత్తుమందు ఇస్తాడు.

డెన్మార్క్‌లోని వీబోర్ ఊళ్ళో సరస్సు పక్కనున్న ఆ చిన్న సంస్థ పందుల కొట్టాలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. బార్లీ పిండి, పాల విరుగుడు తేట కలిపిన జావ గొట్టాల గుండా వెళ్ళి, ఏ తొట్టిలో ఎంత పడాలో అంతే పడి ఆగాలి. చెప్పడానికి అంతే. ఆ ‘ఆగాలి’ అన్న మాట దగ్గరే ఉంది బతుకంతా. ఆ యూట్లాండ్ ప్రాంతంలో సగం పందులు తన చేతి తిండే తింటున్నాయని గోర్మ్ పెళ్ళి విందుల్లో చెప్పుకునేవాడు. పక్క కుర్చీలో వాళ్ళు ఆ తరువాత రెండోవైపు తిరిగి మాట్లాడుకునేవారు.

అక్కడ ఎవరు ఏది రాసినా, అది కొట్టాల దాకా వెళ్ళేముందు ఇంకొకరు చదివి ‘సరే’ బటన్ నొక్కాలి. ఆ చదివే పని ఏళ్ళ తరబడి గోర్మ్‌దే. చదివి ఊరుకునే రకం కాదతను, పక్కన వ్యాఖ్యలు రాసేవాడు. ‘ఈ ఫంక్షన్ పేరు చూసి లోపలికొచ్చాను, తీరా చూస్తే వేరేవాళ్ళ ఇల్లు.’ ‘ఇది రాస్తున్నప్పుడు కుర్చీలో నువ్వున్నావా, నీ కోటు ఒక్కటే ఉందా?’ ‘దీన్ని మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నా మీద నాకే జాలేసింది.’ కొత్తగా చేరినవాళ్ళు ఇవి చదివి ముఖం ముడుచుకుంటే గోర్మ్‌కు నిజంగానే ఆశ్చర్యం వేసేది. అతని లెక్కన అదంతా ప్రేమ. పని మీద పట్టింపు లేనివాడైతే ‘సరే’ నొక్కేసి కాఫీకి పోడూ?

అందరికంటే ఎక్కువ ప్రేమ బోదిల్‌కు దక్కింది. బోదిల్ అతనితోపాటే చేరిన మనిషి. ఇద్దరి బల్లలూ ఎదురెదురు. ఆమె చకచకా రాసి పారేసేది, పేర్లూ అందచందాలూ ఆమెకు పట్టవు. గోర్మ్ ఒక్క పేరు కోసం పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా సరస్సు వంక చూస్తూ కూర్చోగలడు. ఆ పేరు దొరికిన రోజు అతని ముఖం చూడాలి, చాలాకాలం బిగుసుకున్న మూత తెరుచుకున్నవాడిలా ఉండేవాడు. ఆ పేరు ఏ పందీ చదవదని బోదిల్ అనేది. తాను చదువుతానని గోర్మ్ అనేవాడు.

యజమాని ఆస్గెర్ వాళ్ళిద్దరికన్నా బాగా చిన్నవాడు. సైకిల్ మీద వచ్చి, నెత్తిన హెల్మెట్ ఉందన్న సంగతి మరిచిపోయి, దానితోనే మీటింగులో కూర్చునే మనిషి. ఒక వసంతకాలం సోమవారం ఉదయం ఆ హెల్మెట్‌తోనే అతను ఒక మాట చెప్పాడు. ఇకమీదట కోడ్ రాసే ఏఐని అందరూ వాడొచ్చు, వాడితే సంతోషం, బలవంతం మాత్రం లేదు అని. బలవంతం లేదని డెన్మార్క్‌లో యజమాని అన్నాడంటే ఏమిటో అందరికీ తెలుసు.

బోదిల్ ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టింది. తనకేం కావాలో మామూలు మాటల్లో చెప్పేది, అది రాసేది, ఆమె కాస్త అటూ ఇటూ తిప్పించి పంపేది. గోర్మ్ ముందు పండగ చేసుకున్నాడు. ఇన్నాళ్ళూ మనుషుల మొహం చూసి ఎంతో కొంత నోరు కట్టుకున్నాడు కదా, ఇప్పుడు యంత్రం దొరికింది. మొదటి వారం అతను రాసిన వ్యాఖ్యలు చదవడానికి పక్క విభాగం వాళ్ళు కూడా వచ్చేవారు. ‘నీకు కోట్ల పేజీలు తినిపించారట. అరిగినట్టు లేదు’ అని రాశాడొకచోట.

యంత్రం జవాబిచ్చింది. చాలా మంచి విషయం గుర్తుచేశారని, ధన్యవాదాలని చెప్పి, దిద్దేసింది.

గోర్మ్ మోతాదు పెంచాడు. యంత్రం ధన్యవాదాలూ పెంచింది. మనుషులకు రాయడానికి తానే సిగ్గుపడే మాటలు రాశాడు. అది మీ నిశితమైన చూపు నాకెంతో ఉపకరిస్తోందంది. ఇంత సిగ్గులేని జీవిని జన్మలో చూడలేదని గోర్మ్ భోజనాల బల్ల దగ్గర అన్నాడు. ఎదుటివాడి ముఖం ఎర్రబడకపోతే తిట్టులో రుచి ఉండదని అతనికి అప్పుడే తెలిసివచ్చింది. అలా తెలిసినందుకు తన మీద తనకు పెద్ద గౌరవమేమీ కలగలేదు.

అంతకన్నా చేదు సంగతి ఇంకొకటి జరిగింది. ఒక మంగళవారం ఉదయం ఎవరూ రాకముందే వచ్చి తానూ దాన్ని అడిగి చూశాడు. రాత్రంతా గొట్టాల్లో నిలవున్న జావను ఉదయం ముందుగా కలియబెట్టే పని అది. దాన్ని ఎలా రాయాలా అని అతను రెండు రోజులుగా ముచ్చటగా ఆలోచించుకుంటున్నాడు. కాఫీ ఊదుకునేలోపు తెర నిండిపోయింది. తప్పు పట్టడానికి కళ్ళజోడు సర్దుకుని కూర్చున్నాడు. తప్పు దొరకలేదు. పైగా, ఒక ఫంక్షన్‌కు తాను మనసులో అనుకున్న పేరే పెట్టింది. ఎవడో తన చొక్కా వేసుకుని బజారులో తిరుగుతుంటే, అది వాడికే బాగా నప్పినట్టు అనిపించింది. అంతా చెరిపేసి మళ్ళీ తన చేత్తో రాశాడు. తాను రాసింది కూడా దాదాపు అలాగే వచ్చింది. కాకపోతే శుక్రవారానికి వచ్చింది.

శుక్రవారం ఆ ఆఫీసులో అందరూ కలిసి రొట్టెలు తినే రోజు. వేసవి సెలవుల తరువాత ఒక శుక్రవారం, గసగసాల రొట్టెకు గోడకు సున్నం వేసినంత మందంగా వెన్న పట్టిస్తూ, బోదిల్ ఒక సంగతి బయటపెట్టింది. గోర్మ్ ఇన్నేళ్ళుగా రాసిన వ్యాఖ్యలన్నీ పోగుచేసి ఏఐకి చదివించిందట. ఇక అది రాసే కోడ్‌ను, మనుషులు రాసే కోడ్‌ను కూడా ముందు అదే గోర్మ్ గొంతుతో పరీక్షిస్తుందట. అసలు గోర్మ్ చివర్లో ఒకసారి చూసి బటన్ నొక్కితే చాలట.

అందరూ నవ్వారు. ఎవరి కోడ్‌తో మొదలుపెడదామని ఆస్గెర్ అడిగాడు. బోదిల్ అప్పటికే ఎంచి పెట్టుకుంది. గోర్మ్ రెండు వారాలు కూర్చుని చేత్తో రాసుకున్న పంపు కోడ్ గోడ మీది పెద్ద తెరపైకి వచ్చింది. పక్కనే వ్యాఖ్యలు ఒకటొకటిగా దిగాయి.

‘రెండు వారాలా? సిమెంటు కూడా ఇంతకంటే త్వరగా గట్టిపడుతుంది.’

‘ఇదే మాట మూడుచోట్ల చెప్పావు. పందులకు చెముడు లేదు.’

‘పేరు చాలా అందంగా ఉంది. లోపల ఏమీ లేదు కాబట్టి పేరుతోనే సరిపెట్టుకోవాలి కాబోలు.’

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. గోర్మ్ కూడా నవ్వాడు. అందరిముందూ ఒకరిని ఆట పట్టించినప్పుడు ఆ ఒకరు నవ్వకపోతే, మనిషి మంచివాడు కాదన్న పేరు ఊరంతా పాకుతుంది. మొదటి రెండు వ్యాఖ్యలూ నిజమేనని అతనికి అర్థమైంది. మూడోది శుద్ధ అబద్ధం. లోపల చాలా ఉంది. కానీ ఆ నవ్వుల మధ్య లేచి నిలబడి ‘లోపల చాలా ఉంది’ అని ఎలా అంటాడు? రొట్టె మిగిలిన ముక్క నోట్లో పెట్టుకుని కాఫీతో తోసేశాడు.

ఆ రోజు నుంచి గోర్మ్ మారిపోయాడు. పేచీ లేదు, వ్యాఖ్య లేదు. బోదిల్ అడిగినదాన్ని యంత్రం రాసేది, యంత్రం గోర్మ్ గొంతుతో తిట్టేది, యంత్రమే దిద్దుకునేది, చివరికి అసలు గోర్మ్ ముందుకు వచ్చేది. అతను పైన ఒకసారి కన్నేసి ‘సరే’ నొక్కేవాడు. ఇదేం పెద్ద కష్టం కాదని, మిగతా ప్రపంచమంతా ఇన్నాళ్ళూ ఇలాగే బతుకుతోందని అతనికి తెలిసింది. వెలుతురుండగానే ఇంటికి పోయి పెరట్లో ఉల్లికాడలు పెంచడం మొదలుపెట్టాడు. గోర్మ్ ఎంత మంచివాడైపోయాడని ఆఫీసులో చెప్పుకున్నారు. ఆస్గెర్ ఒకసారి భుజం తట్టాడు కూడా. ఆ భుజం సాయంత్రం దాకా తనది కానట్టే ఉంది గోర్మ్‌కు.

అక్టోబరులో బోదిల్ చేతికి ఒక చిన్న పని వచ్చింది. పాలిచ్చే తల్లి పందులకు ఉదయపు జావ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా ఇవ్వాలి. యంత్రం రాసింది. యంత్రపు గోర్మ్ చదివి, ‘ఇది మా ఊరి బస్సులాంటిది. చూడ్డానికి బాగోదు, ఆలస్యంగానైనా వస్తుంది’ అంది. అసలు గోర్మ్ ఆ జోకు చదివి నవ్వుకున్నాడు. నిజంగా తాను అనదగ్గ మాటే అనుకున్నాడు. కోడ్ చదవలేదు. నొక్కాడు.

కొత్తది ఏదైనా ముందుగా మెరెతె క్రోగ్ కొట్టానికి వెళ్ళేది. ఆమె అరవై దాటిన రైతు. కొత్తవన్నీ మొదట తన దగ్గరే చూసుకోవడానికి ఎప్పటినుంచో ఒప్పుకున్న మనిషి. మర్నాడు ఉదయం ఆఫీసుకు ఫోన్ చేసింది.

"పెద్దగా ఏం లేదు. మీ జావ కాస్త ఎక్కువొచ్చినట్టుంది. నేను పొడుగు బూట్లు వేసుకోవలసొచ్చింది" అంది.

ఫోన్ పట్టుకున్న ఆస్గెర్ ముఖంలో రంగు పోయింది. ఆ వైపు రైతులు పెద్దగా ఏం లేదన్నారంటే ఇంటి కప్పు లేచిపోయిందని అర్థం. ముందు అతను మిగతా కొట్టాలకు వెళ్ళాల్సినదాన్ని ఆపించాడు. తరువాత ఆ పని మీద ఎవరి పేర్లున్నాయో చూశాడు. రెండే ఉన్నాయి. ఇద్దరూ పార తీసుకుని వెళ్ళండన్నాడు, చాలా మర్యాదగా.

బోదిల్ కారు నడిపింది. వాన సన్నగా పడుతోంది, గాలి కారును పక్కకు తోస్తోంది.

"చదివావా అసలు?" అని ఊరు దాటాక గోర్మే అడిగాడు.

"నేనెందుకు చదువుతాను? గోర్మ్ చదివాడనుకున్నాను."

"ఏ గోర్మ్?"

వైపర్లు అటూ ఇటూ తిరిగాయి. ఆమె ఏ గోర్మ్ అనుకుందో ఆమెకే తెలియదని, అదేదో ఇప్పుడే తెలుస్తోందని గోర్మ్‌కు అర్థమైంది.

"మరి నువ్వో?" అందామె కాసేపటికి.

"నేనూ గోర్మ్ చదివాడనే అనుకున్నాను."

బోదిల్ నవ్వు ఆపుకోలేక కారు రోడ్డు పక్కన ఆపింది. గోర్మ్‌కు నవ్వు రాలేదు. కొంతసేపటికి వచ్చింది. వచ్చాక మాత్రం ఆగలేదు. వెనక నుంచి ట్రాక్టరువాడు హారన్ కొట్టి వీళ్ళను వింతగా చూసి పోయాడు.

పందుల కొట్టంలోకి బయటి మనిషి ఊరికే పోవడానికి లేదు. పందులకు రోగాలు అంటకుండా, ఒంటి మీది బట్టలన్నీ విప్పి, స్నానం చేసి, అక్కడి బట్టలే వేసుకోవాలి. లోపలి బట్టలతో సహా. మెరెతె ఇచ్చిన పైజామా చొక్కా కలిపి కుట్టిన నీలం దుస్తులు గోర్మ్‌కు మోకాలి కిందనే ఆగిపోయాయి. లోపలివి ఎవరివో అడగడానికి ధైర్యం చాలలేదు. అవతలి తలుపులోంచి బోదిల్ బయటకొచ్చి, అతన్ని పైనుంచి కిందికి చూసి, దీనిమీద వ్యాఖ్య ఏం రాయాలో తనకు తెలుసుగానీ పెద్ద మనసు చేసుకుని రాయడం లేదంది.

లోపల జావ మడమలు మునిగేలా ఉంది. పుల్లటి, తియ్యటి, వెచ్చటి వాసన. తొట్లు పొంగి, నడవ నిండి, మూలనున్న, నీళ్ళు పోయే జాలీ మూసుకుపోయింది. పందులకు మాత్రం అంతకు మించిన ఉదయం పుట్టాక లేదు. పొట్టలు ఉబ్బి, పక్కకు ఒరిగి, గురక పెడుతున్నాయి. ఒక పెద్ద తల్లి పంది కళ్ళు తెరిచి గోర్మ్‌ను చూసి, ఈయనకేం పని లేదా అన్నట్టు మళ్ళీ మూసుకుంది. పశువుల డాక్టరు వచ్చి చూసి వెళ్ళాడని, దేనికీ ప్రాణాపాయం లేదని, రేపు మాత్రం వీటి వెనకవైపు ఎవరూ నిలబడకూడదని మెరెతె చెప్పింది. పారలు ఇచ్చి, ఆ మూల నుంచి మొదలుపెట్టమంది.

గోర్మ్ జీవితంలో అంత చెమట పట్టలేదు. ఎత్తిపోసేకొద్దీ జారి మళ్ళీ పార కిందికే వస్తుంది. కొంతసేపటికి ఇద్దరికీ ఒక లయ కుదిరింది. అతను తోస్తే ఆమె ఎత్తేది. ఆ లయలోనే, తల ఎత్తకుండా, ఆ శుక్రవారం అలా ఎందుకు చేశావని అడిగాడు.

"నీ మాటలు నీకు ఒక్కసారి వినిపిద్దామని. ఇన్నేళ్ళు నేను విన్నాను కదా."

"అవి నీ మంచికే రాశాను. ప్రేమ లేకపోతే అంతసేపు కూర్చుని రాస్తానా?"

"ప్రేమా? నీ ప్రేమ తట్టుకోలేక బాత్రూంలో కూర్చుని వేరే ఉద్యోగాలు వెతుక్కునేదాన్ని గోర్మ్. ఒకచోట ఖాయమైంది కూడా. కోళ్ళ కంపెనీ. నాకు కోళ్ళంటే అసహ్యం కాబట్టి పోలేదు. నువ్వు నన్ను నిలబెట్టావనుకోకు, కోళ్ళు నిలబెట్టాయి."

గోర్మ్ పార ఆనించుకుని నిలబడిపోయాడు.

"పైగా నువ్వన్నవాటిలో చాలావరకు నిజాలు. అదే నాకు ఒళ్ళు మంట" అని ఆమె ఎత్తిపోస్తూనే చెప్పింది. "తిట్లు ఏరి పారేసి, నిజాలు మాత్రమే దానికి ఇద్దామని మొదట అనుకున్నాను. విడదీయడం నా వల్ల కాలేదు. మొత్తం వేసేశాను. ఇంకో సంగతి చెబుతాను, నవ్వకు. ఇదివరకు నా కోడ్‌లో ఏ మూల ఏముందో నాకు తెలిసేది. చీకట్లో కూడా నడిచేదాన్ని. ఇప్పుడు నా ఇంటికి నేనే చుట్టపుచూపుగా వచ్చినట్టుంటుంది. గబగబా అయిపోతుంది, హాయిగానే ఉంటుంది. సాయంత్రం ఇంటికెళ్ళి ఇవాళ ఏం చేశానా అనుకుంటే ఏమీ గుర్తురాదు."

గోర్మ్ నవ్వలేదు. తాను ఉల్లికాడలు ఎందుకు పెంచుతున్నాడో చెప్పాడు. పొద్దున నాటితే పొద్దునే నాటినట్టు ఉంటాయి, వాటిని తాను నాటాడని వాటి మీద రాసి ఉండక్కర్లేదు అన్నాడు. అది తనకే సరిగ్గా అర్థం కాలేదు. బోదిల్ మాత్రం అర్థమైనట్టు తలాడించింది. బహుశా పార బరువుకు ఆడిందేమో.

నడవ కనబడేసరికి భోజనవేళ దాటింది. మళ్ళీ స్నానాలు చేసి మెరెతె వంటింట్లో కూర్చున్నారు. నల్ల రొట్టె, కాలేయం ముద్ద, దానిమీద ఊరబెట్టిన బీట్‌రూట్ ముక్కలు. గోర్మ్ ఎన్ని తిన్నాడో లెక్కపెట్టే పని మెరెతె పెట్టుకోలేదు, ఇంకో రొట్టె కోసింది. తరువాత గిన్నెలు జరిపి, బల్ల మీద కంప్యూటర్ తెరిచారు. ఆ కోడ్‌ను అప్పుడే మొదటిసారి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివారు.

చక్కగా ఉంది. పేర్లు ముద్దుగా ఉన్నాయి, ఏ వరసా పొడుగు లేదు. తప్పు ఎక్కడో కాదు, నట్టనడుమనే ఉంది. మొదటి విడత అయ్యాక వాల్వు మూయాలి. రెండో విడత ఎలాగూ రాబోతోంది కదా అని అది వాల్వును తెరిచే ఉంచింది. ఆ మధ్య సమయమంతా జావ పోతూనే ఉంది. గోర్మ్ వెనక్కి ఆనుకున్నాడు. యంత్రపు గోర్మ్ రాసిన వ్యాఖ్యలు మళ్ళీ చదివాడు. పేర్ల గురించి ఉంది, పొడుగు గురించి ఉంది, బస్సు గురించి ఉంది. వాల్వు గురించి ఒక్క మాట లేదు.

"నేనైతే పట్టుకునేవాణ్ణి" అన్నాడు.

"ఎలా? నీ వ్యాఖ్యలన్నీ నేను పోగుచేశాను, అన్నీ చదివాను. వాల్వు మూశావా అని నువ్వు ఎవరినీ ఎప్పుడూ అడగలేదు."

"అడగడమెందుకు? మన వెనక గదిలో పాత పంపూ నాలుగు తొట్లూ ఉన్నాయి కదా. బటన్ నొక్కేముందు నీళ్ళు పోసి చూసేవాణ్ణి. ప్రతిదీ."

బోదిల్ అతని వంక తిరిగి కూర్చుంది. "వెనక గదిలో నువ్వు సిగరెట్ కాలుస్తావనుకున్నాం ఇన్నాళ్ళూ."

"నేను సిగరెట్ మానేసి ఎన్నేళ్ళయింది?"

"మాకేం తెలుసు? తడి కాళ్ళతో వచ్చి కూర్చుని, ఇంత పొడుగు వెటకారం రాసేవాడివి. నీళ్ళు పోసి చూశానని ఒక్కచోటైనా రాశావా? అదేం నేర్చుకుంటుంది పాపం? నీ నోరు నేర్చుకుంది."

మెరెతె పొయ్యి దగ్గర నిలబడి కాఫీ వంచుతూ వింటోంది. ఇన్నేళ్ళు తన పందులకు సరిగ్గా తిండి పడడానికి కారణం ఈయన సిగరెట్ కాల్చకపోవడమా అని అడిగింది. తనకు ఎలాగూ ఏదీ అర్థం కాదని, కాఫీ మాత్రం వేడిగా తాగమని చెప్పింది.

దిద్దుబాటు మూడే వరసలు. బోదిల్ యంత్రాన్నే అడిగింది, అది రాసింది. ఈసారి ఇద్దరూ చదివారు. రాసింది సరిగ్గానే ఉంది. కానీ మధ్యలో వాల్వు మూసి ఆగే ఆ సమయానికి యంత్రం పెట్టిన పేరు గోర్మ్‌కు నచ్చలేదు. అతను ఒకటి చెప్పాడు. అది దేవుడి ప్రార్థనలా ఉందని బోదిల్ అంది. ఆమె ఒకటి చెప్పింది. అది పందికి పెట్టిన పేరులా ఉందని అతనన్నాడు. వాదన ముదిరింది. కాఫీ చల్లారింది. చివరికి ఇద్దరిదీ కాని ఒక మాట దొరికింది. ఎవరు ముందన్నారో ఆ తరువాత తేల్చుకోలేకపోయారు. ఉప్పుడబ్బా పక్కన తోసి బోదిల్ ఆ మాట టైపు చేస్తుంటే గోర్మ్‌కు ఒక్కసారిగా తెలిసింది, నెలల తరబడి తనకు లేనిది ఇదేనని. వేళ్ళు తనవి కాకపోయినా ఫర్వాలేదనిపించింది. అలా అనిపించినందుకు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది.

తరువాత అతను మూడోసారి స్నానం చేశాడు. ఆ పొట్టి నీలం బట్టల్లోనే కొట్టంలో తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు. వంటింట్లోంచి బోదిల్ ఫోన్‌లో ‘ఇప్పుడు’ అనగానే జావ వచ్చింది. పడింది. ఆగింది. వాల్వు టక్కున మూసుకున్న చప్పుడు అతని అరచేతికి తెలిసింది, ఎందుకంటే చేయి గొట్టం మీదే ఉంది. కాసేపాగి మళ్ళీ తెరుచుకుంది, పడింది, మూసుకుంది. తొట్టి అవతల ఆ పెద్ద తల్లి పంది తిండి వంక చూసి, విసుగ్గా ముట్టె తిప్పుకుంది. గోర్మ్ మాత్రం ఇంకోసారి, ఇంకోసారి అంటూ అదే చేయించాడు. నాలుగోసారికి బోదిల్ ఫోన్ పెట్టేసింది.

ఆ వారం శుక్రవారం రొట్టెల దగ్గర ఆస్గెర్ ఈ సంఘటన నుంచి మనమంతా ఏం నేర్చుకోవాలి అని మొదలుపెట్టబోయాడు. గోర్మ్ అడ్డం వచ్చి, తాను చదవకుండా నొక్కానని చెప్పాడు. అలిగి నొక్కాను అన్నాడు. పంపు కోడ్ మీద వచ్చిన మూడో వ్యాఖ్య అబద్ధమని, లోపల చాలా ఉందని కూడా చెప్పాడు. అప్పుడు ఎవరో వెన్న గిన్నె అతని వైపు జరిపారు. అక్కడ క్షమించడమంటే అంతే.

బోదిల్ యంత్రం నుంచి గోర్మ్ గొంతు తీసేసింది. ఇప్పుడది చాలా మర్యాదగా, నిద్ర వచ్చేలా వ్యాఖ్యలు రాస్తుంది. ఎవరికీ పక్క విభాగం నుంచి వచ్చి చదవాలనిపించదు. కొత్త సంవత్సరంలో ఆస్గెర్ ప్రోగ్రామర్లందరికీ పెద్దగా బోదిల్‌ను పెట్టాడు. ఆ పదవి తనకు వస్తుందని గోర్మ్ ఒకప్పుడు అనుకునేవాడు. ఆ రోజు రాత్రి భోజనం సహించలేదు, ఉదయానికి సర్దుకుంది. ఆమె చేసిన మొదటి పని, ఏ కొత్తది కొట్టానికి వెళ్ళినా దాంతోపాటు మనిషి వెళ్ళి, జావ పడి ఆగేదాకా నిలబడి చూడాలని నియమం పెట్టడం. రెండో పని, ఆ మనిషి గోర్మ్ అని చెప్పడం. అతను గట్టిగా అభ్యంతరం చెప్పాడు. వానలో బురదలో తిరగడానికా ఇన్నేళ్ళు కోడ్ రాసిందన్నాడు. ఆమె అంతా విని, పొడుగు బూట్ల సైజు అడిగింది.

అలా అతను యూట్లాండ్ అంతా తిరుగుతున్నాడు. భోజనాల గదిలోకి స్నానం చెయ్యకుండా రావద్దని ఆఫీసులో అతనికి ప్రత్యేకంగా చెప్పారు. వ్యాఖ్యలు ఇప్పటికీ చేస్తాడు, కానీ ఎదురుగా కూర్చుని, నోటితో. ఎదుటివాళ్ళు తిరిగి అంటున్నారు. అది అతనికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. చేత్తో రాయడం మానలేదు. ఆదివారాలు ఇంట్లో ఏదో రాసుకుంటాడు, ఎవరికీ చూపించడు, ఎవరూ అడగరు.

మార్చిలో ఒకరోజు లిమ్ ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున కొత్తగా చేరిన రైతు కొట్టానికి వెళ్ళాడు. గాలికి కారు తలుపు తెరుచుకోవడమే కష్టమైంది. రైతు గుమ్మంలో నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకుని, అతన్ని ఎగాదిగా చూశాడు.

"ఈ సాఫ్ట్‌వేర్ రాసింది నువ్వేనా?"

గోర్మ్ కాసేపు ఆలోచించాడు. నిజాయితీగా చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, గాలేమో చెవుల్లో కోస్తోంది.

"పనిచేస్తే నేను" అన్నాడు. "చెయ్యకపోతే బోదిల్ అని ఒకావిడ."

రైతు నవ్వలేదు. స్నానాల గది అటు అని గడ్డంతో చూపించి, తాను ముందు నడిచాడు.